తరలివచ్చారా, తరలించారా

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం అనుబంధంలో ప్రాచీన రోమ్ గురించి మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బొమ్మలు బావున్నాయి, భాష బావుంది, రాసినవారు కష్టపడ్డారని తెలుస్తూనే ఉంది. కానీ ఒక్క వాక్యం దగ్గర మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టయింది. "లోకంలోని పండితులు, వైద్యులు, శిల్పులు రోమ్ వైభవం చూసి తరలివచ్చారు" అని రాశారు. ఆ తరలివచ్చారు అన్న ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. నేను చాలా ఏళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పినవాడిని, అప్పట్లో నేనూ క్లాసులో ఇదే మాట వాడేవాణ్ణి, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కరి కథ విడివిడిగా చదువుకుంటూ పోతే అర్థమైంది ఏంటంటే వాళ్ళలో చాలామంది తరలిరాలేదు, వాళ్ళని తరలించారు. అక్షరం తేడాలా కనిపిస్తుంది గానీ రెండింటికీ మధ్య ఒక మనిషి జీవితమంత దూరం ఉంది.

టిరానియన్ అనే ఆయన సంగతి చెప్తాను, మీ వ్యాసంలో ఆయన పేరు లేదు. నల్లసముద్రం ఒడ్డున అమీసస్ అనే గ్రీకు పట్నం ఉండేది, ఇప్పుడు టర్కీలో సాంసున్ అంటారు. అక్కడ వ్యాకరణం చెప్పుకునే పండితుడు ఈయన. మిత్రిడేటస్ రాజు మీద యుద్ధంలో రోమన్ సేనాని లుకుల్లస్ ఆ ఊరిని పట్టుకున్నాడు, క్రీ.పూ. 71 ప్రాంతంలో. ఊరితో పాటు ఈయనా బందీగా దొరికాడు. లుకుల్లస్ కింద పనిచేసే మురేనా అనే అధికారి ఈ పండితుణ్ణి నాకివ్వండి అని అడిగి తీసుకుని, వెంటనే బానిసత్వం నుంచి విడుదల చేశాడు. పైకి చూస్తే మంచి పనే కదా! కానీ ఈ సంగతి రాసిన ప్లూటార్క్ దాన్ని తప్పు పట్టాడు. అంత చదువుకున్న మనిషిని ముందు బానిస అని లెక్కేసి ఆ తర్వాత స్వేచ్ఛ ఇవ్వడం ఏంటి, పుట్టుకతో స్వతంత్రుడైన మనిషికి నువ్విచ్చిన స్వేచ్ఛ ఆయనకున్న స్వేచ్ఛని లాక్కోవడమే అవుతుంది అన్నది ఆయన చెప్పిన భావం. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. ఎందుకంటే రోమన్ చట్టం ప్రకారం విడుదలైన బానిసకి ఒక ముద్ర ఉంటుంది, విడిపించిన యజమానికి జీవితాంతం కట్టుబడి ఉండాలి. టిరానియన్ రోమ్‌లో ఎంత పెద్దవాడైనా ఆ ముద్రతోనే పెద్దవాడయ్యాడు.

ఇక ఆయన అక్కడ చేసిన పని చూడండి. అంతకు ముందే క్రీ.పూ. 86 లో రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్‌ని పట్టుకుని ఎపెల్లికాన్ అనే ఆయన లైబ్రరీని రోమ్‌కి ఎత్తుకుపోయాడు, అందులో అరిస్టాటిల్ రచనలు ఉన్నాయి. ఆ లైబ్రరీ చూసుకునే మనిషిని మంచి చేసుకుని టిరానియన్ ఆ పుస్తకాల్లోకి ప్రవేశం సంపాదించాడు, వాటిని సరిచేశాడు, ఆయన దగ్గర నుంచి కాపీలు తీసుకుని రోడ్స్ పండితుడు ఆండ్రోనికస్ అవి లోకానికి అందేలా చేశాడు అంటారు. రోమన్ వక్త సిసిరో ఇటలీలోని ఆంటియంలో ఉన్న తన ఇంట్లో పుస్తకాలు సర్దించుకున్నది కూడా ఈయనతోనే, ఎంత బాగా సర్దాడో అని మిత్రుడికి రాసిన ఉత్తరంలో మురిసిపోయాడు. భూగోళ శాస్త్రం రాసిన స్ట్రాబో కూడా ఈయన దగ్గర చదువుకున్నవాడే. అంటే పుస్తకాలు ఒక యుద్ధంలో బందీ అయ్యాయి, వాటిని చదవగలిగిన మనిషి ఇంకో యుద్ధంలో బందీ అయ్యాడు, ఇద్దరూ రోమ్‌లో కలుసుకున్నారు. దీన్ని వైభవం చూసి తరలిరావడం అని ఎలా అంటామండీ?

ఇదొక్కటే అయితే మినహాయింపు అనుకోవచ్చు. లాటిన్ సాహిత్యం మొదలైందని చెప్పుకునే క్రీ.పూ. 240 తీసుకోండి, ఆ ఏడాది రోమ్‌లో నాటకం వేయించిన లివియస్ ఆండ్రోనికస్ దక్షిణ ఇటలీలోని టరెంటం నుంచి బానిసగా వచ్చిన గ్రీకువాడని పాతకాలం నుంచీ చెప్పుకునే మాట, గ్రీకు కావ్యం ఒడిస్సీని లాటిన్‌లోకి తెచ్చింది ఆయనే. లాటిన్ మహాకవి వర్జిల్‌కి గ్రీకు నేర్పాడని చెప్పే పార్థీనియస్ అనే కవి కూడా మిత్రిడేటస్ యుద్ధంలో పట్టుబడి వచ్చి తర్వాత విడుదలైనవాడే. ఇంక గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్. రోమ్ మాసిడోనియాని ఓడించిన పిడ్నా యుద్ధం తర్వాత క్రీ.పూ. 167 లో అకేయన్ సంఘం అనే గ్రీకు పట్నాల కూటమి నుంచి వెయ్యి మందిని, అందరూ పేరున్న కుటుంబాలవాళ్ళే, ఇటలీకి పట్టుకొచ్చారు. విచారణ అన్నారు, ఆ విచారణ ఎప్పటికీ జరగలేదు. చాలామందిని ఇటలీ ఊళ్ళలో అక్కడొకరిని ఇక్కడొకరిని ఉంచేశారు, పాలిబియస్ అదృష్టం కొద్దీ ఒక పెద్ద సేనాని కొడుకులతో స్నేహం కుదిరి రోమ్‌లో ఉండిపోయాడు, రోమ్ ఎలా ఎదిగిందో ప్రపంచానికి చెప్పిన చరిత్ర రాశాడు. పదహారు పదిహేడేళ్ళ తర్వాత క్రీ.పూ. 150 లో ఇంటికి వెళ్ళనిచ్చేసరికి వెయ్యి మందిలో మూడొందల మంది కూడా మిగల్లేదు. అప్పుడు కూడా సెనేట్‌లో చాలాసేపు వాదన నడిచిందట, చివరికి కేటో అనే సెనేటర్ లేచి ఈ గ్రీకు ముసలాళ్ళని పాతిపెట్టేది ఇక్కడివాళ్ళా అక్కడివాళ్ళా అని తేల్చడానికా మనం పొద్దంతా కూర్చున్నది అన్నట్టు మాట్లాడితే గానీ తేలలేదు. ఆ మిగతా ఏడొందల మందిలో ఎంతమంది పాలిబియస్‌లు ఉన్నారో నాకైతే తలుచుకుంటేనే బాధగా ఉంటుంది.

డబ్బు లెక్క కూడా ఒకటి చెప్పాలి. లుటేషియస్ డాఫ్నిస్ అనే వ్యాకరణ పండితుణ్ణి రోమ్‌లో 7,00,000 సెస్టర్షియస్‌లకి కొన్నారు. సెస్టర్షియస్ అంటే అప్పటి రోమన్ నాణెం. జీతం కాదండి, మనిషి ధర. రోమ్ మొదటి చక్రవర్తి ఆగస్టస్ కాలంలో మామూలు సైనికుడి ఏడాది జీతం 900 సెస్టర్షియస్‌లు, దాంతో పోల్చుకుంటే ఆ ధర ఎంతో తెలుస్తుంది. చదువుకి అంత విలువ ఇచ్చారు అని కొందరు గొప్పగా చెప్తారు, చదువుకి విలువ ఇవ్వడం వేరు, చదువుకున్నవాడికి ధర కట్టడం వేరు.

సరే, స్వంతంగా వచ్చినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, చాలామందే ఉన్నారు, వాళ్ళ గురించి మీరు రాసింది తప్పని నేను అనట్లేదు. క్రీ.పూ. 219 లో పెలపొనీసస్ నుంచి అర్కగాతస్ అనే వైద్యుడు వచ్చాడు, రోమ్‌కి వచ్చిన మొదటి గ్రీకు వైద్యుడిగా చెప్తారు. పౌరసత్వం ఇచ్చారు, కూడలిలో ప్రజల సొమ్ముతో దుకాణం కొనిచ్చారు, గాయాల వైద్యుడు అని పేరు పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి కోయడం కాల్చడం ఎక్కువైందని అదే జనం కసాయి అని పిలవడం మొదలెట్టారు. ఇప్పటి టర్కీలో ఉన్న పెర్గమాన్ రాజు పంపితే రాయబారిగా వచ్చిన క్రేటెస్ అనే పండితుడు పాలటైన్ కొండ దగ్గర మురుగు కాలవ గుంతలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, కాలు బాగయ్యేదాకా ఊరికే ఉండకుండా రోజూ ఉపన్యాసాలు చెప్పాడు, రోమ్‌లో వ్యాకరణ శాస్త్రం మీద ఆసక్తి అలా మొదలైందని సూటోనియస్ రాశాడు. తర్వాత తర్వాత సీజర్‌కి ఒక విషయం అర్థమైంది. క్రీ.పూ. 46 ప్రాంతంలో రోమ్‌లో వైద్యం చేసేవాళ్ళకీ విద్యలు చెప్పేవాళ్ళకీ పౌరసత్వం ఇచ్చేశాడు, ఉన్నవాళ్ళు ఇష్టంగా ఉండాలి, లేనివాళ్ళు రావాలని ఆశపడాలి, ఇదీ ఉద్దేశం. అలెగ్జాండ్రియా నుంచి సోసిజెనస్ సలహా తీసుకుని క్యాలెండర్ సరిచేసింది కూడా ఆయనే, లెక్క కుదర్చడానికి ఆ సంవత్సరం 445 రోజులు పెట్టాల్సి వచ్చింది. క్రీ.పూ. 23 లో ఆగస్టస్ చావు దాకా వెళ్తే ఆంటోనియస్ మూసా అనే వైద్యుడు చన్నీళ్ళ వైద్యంతో బతికించాడు, దానికి బహుమతిగా ఆయనకే కాదు వైద్యులందరికీ పన్నులు మాఫీ చేశారు. ఈ మూసా కూడా విడుదలైన బానిసే, గమనించండి. వెస్పేషియన్ చక్రవర్తి అయ్యాక లాటిన్, గ్రీకు వక్తృత్వం చెప్పేవాళ్ళకి ఖజానా నుంచి ఏడాదికి 1,00,000 సెస్టర్షియస్‌లు ఇచ్చాడు, స్పెయిన్ నుంచి వచ్చిన క్వింటిలియన్ దాన్ని అందుకున్నాడు. డెమాస్కస్ వాడైన అపోలోడోరస్ ట్రేజన్ చక్రవర్తి కోసం డాన్యూబ్ మీద వంతెన కట్టాడు, ఫోరం అనే ప్రజా కూడలి కట్టాడు. ఇవన్నీ నిజాలే, గొప్ప సంగతులే.

కానీ వీళ్ళు వదిలొచ్చిన ఊళ్ళ సంగతి? మీ వ్యాసంలో నాకు బాగా లోటనిపించింది ఇదే. స్ట్రాబో టార్సస్ గురించి రాసింది చూడండి, ఇప్పటి టర్కీ అయిన ఆసియా మైనర్‌లో సిలీషియా ప్రాంతపు పట్నం అది. అక్కడివాళ్ళకి చదువంటే ఎంత ఇష్టమంటే ఏథెన్స్‌నీ అలెగ్జాండ్రియానీ మించిపోయారట, కానీ చదువుకోడానికి బయటివాళ్ళు ఎవరూ అక్కడికి రారు, అక్కడివాళ్ళు మాత్రం పై చదువులకి బయటికి పోతారు, పోయినవాళ్ళలో ఎక్కువమంది అక్కడే ఉండిపోతారు, తిరిగొచ్చేది కొద్దిమందే. రోమ్ నిండా టార్సస్ వాళ్ళూ అలెగ్జాండ్రియా వాళ్ళే అని కూడా అన్నాడు. రెండువేల ఏళ్ళ కింద రాసిన మాట అండీ ఇది.

టార్సస్‌కి తిరిగెళ్ళిన ఒకాయన ఉన్నాడు, అథెనోడోరస్, ఆగస్టస్‌కి గురువు. ముసలివాణ్ణయిపోయాను ఇంటికి వెళ్తానని అడిగాడు, సరే అన్నాడు ఆగస్టస్. వెళ్ళేముందు కోపం వస్తే గ్రీకు అక్షరమాల ఇరవైనాలుగు అక్షరాలూ మనసులో చదువుకున్నాకే ఏదన్నా చెయ్యి నాయనా అని బుద్ధి చెప్పాడట, అది విని ఆగస్టస్ చెయ్యి పట్టుకుని మీ అవసరం నాకింకా ఉంది అంటూ ఇంకో ఏడాది ఆపేసుకున్నాడు. ప్రేమతోనే అనుకోండి. ఆ తర్వాత ఊరెళ్ళి చూస్తే అక్కడ బోయెథస్ అనే వాడి ముఠా ఊరిని పాడుచేసి పెట్టింది, ఈ పెద్దాయన ముందు మంచిమాటతో చూశాడు, వినకపోతే ఆగస్టస్ ఇచ్చిన అధికారంతో వాళ్ళని ఊరి నుంచి వెళ్ళగొట్టి పాలన చక్కబెట్టాడు. ఒక్క మనిషి తిరిగొస్తే ఒక ఊరికి ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. పిల్లలకి ఈయన కథ చెప్పినప్పుడల్లా క్లాసు నిశ్శబ్దంగా వినేది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఇది పెద్దగా ఎవరూ రాయరు. ఊళ్ళలో వైద్యులకీ ఉపాధ్యాయులకీ ఊరి బాధ్యతల నుంచి, ఖర్చుల నుంచి మినహాయింపు ఉండేది. ఆంటోనినస్ పయస్ చక్రవర్తి దానికి హద్దు పెట్టాడు, చిన్న ఊరికి వైద్యులు ఐదుగురు, వక్తృత్వం చెప్పేవాళ్ళు ముగ్గురు, వ్యాకరణం చెప్పేవాళ్ళు ముగ్గురు, పెద్ద పట్నానికి వైద్యులు పదిమంది, మిగతావి ఐదేసి. మోడెస్టినస్ అనే న్యాయవేత్త ఈ లెక్కలు రాసిపెట్టాడు. దాంతోపాటు ఇంకో సంగతి కూడా రాశాడు, ఈ మినహాయింపు సొంత ఊళ్ళో పనిచేసేవాళ్ళకే, వేరే ఊరికి వెళ్ళి పాఠం చెప్తే వర్తించదు. మంచి నియమమే కదా, చదువుకున్నవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. కానీ రోమ్‌లో పనిచేస్తే మాత్రం సొంత ఊళ్ళో పనిచేసినట్టే లెక్క, ఎందుకంటే చక్రవర్తి నగరం అందరికీ స్వస్థలమే కాబట్టి! అంటే పక్క ఊరికి పోతే నష్టం, రోమ్‌కి పోతే నష్టం లేదు. వైభవం చూసి వచ్చారు అని రాసేముందు ఈ ఒక్క నియమం పక్కన పెట్టుకుని చూస్తే బావుంటుంది. చిన్న ఊరి వైద్యుడికి మిగతా దారులన్నీ బరువే, ఒక్క రోమ్ దారి మాత్రం తేలిక.

ఇక రమ్మన్న నగరమే పొమ్మంది కూడా, ఒకసారి కాదు చాలాసార్లు. క్రీ.పూ. 161 లో తత్వవేత్తలూ వక్తృత్వ గురువులూ రోమ్‌లో ఉండకూడదని సెనేట్ తీర్మానం. 155 లో ఏథెన్స్ మీద వేసిన జరిమానా తగ్గించమని ముగ్గురు తత్వవేత్తలు రాయబారానికొస్తే కుర్రాళ్ళంతా వాళ్ళ వెంట పడ్డారని, పని తొందరగా ముగించి పంపెయ్యమని కేటో పట్టుబట్టాడు. క్రీ.శ. 6 లో కరువొస్తే ఆగస్టస్ విదేశీయులని బయటికి పంపాడు, వైద్యులనీ ఉపాధ్యాయులనీ మాత్రం ఉంచుకున్నాడు, అక్కరకొచ్చేవాళ్ళ లిస్టు అప్పుడే తయారైందన్నమాట. ఉపాధ్యాయులకి జీతాలిచ్చిన వెస్పేషియనే తత్వవేత్తలని వెళ్ళగొట్టాడు, తర్వాత డొమిషియన్ చక్రవర్తి కూడా వెళ్ళగొట్టాడు, అప్పుడే ఎపిక్టెటస్ అనే తత్వవేత్త గ్రీసులోని నికోపోలిస్‌కి వెళ్ళి అక్కడ బడి పెట్టుకున్నాడు, ఆయనా ఒకప్పుడు రోమ్‌లో బానిసే. క్రీ.శ. 370 లో వాలెంటినియన్ చక్రవర్తి చట్టం చూస్తే చదువుకోడానికి రోమ్‌కి వచ్చే స్టూడెంట్స్ తమ ప్రావిన్స్ గవర్నర్ దగ్గర నుంచి ఉత్తరం తేవాలి, ఏం చదువుతారో చెప్పాలి, ఎక్కడ దిగారో రాయించాలి, ఆటలకీ వేడుకలకీ ఎక్కువ తిరక్కూడదు, ఇరవై ఏళ్ళొచ్చాక ఇంటికి వెళ్ళిపోవాలి. 383 ప్రాంతంలో తిండి గింజలు తక్కువైతే విద్యలు తెలిసిన పరాయివాళ్ళని ఊపిరి తీసుకోనివ్వకుండా గెంటేసి, నాట్యగత్తెలు మూడువేల మందిని వాళ్ళ బృందాలతో సహా ఉంచుకున్నారని అమ్మియానస్ అనే చరిత్రకారుడు కడుపు మండి రాశాడు, ఆయనా సిరియా ప్రాంతపు ఆంటియాక్ నుంచి వచ్చినవాడే. సరిగ్గా ఆ 383 లోనే వక్తృత్వం చెప్పే అగస్టిన్ (తర్వాత పెద్ద క్రైస్తవ గురువయ్యాడు) ఆఫ్రికా నుంచి వచ్చాడు, రోమ్ పిల్లలు బుద్ధిమంతులని విని వచ్చాడు, వాళ్ళేమో ఫీజు కట్టే రోజు రాగానే కట్టగట్టుకుని వేరే మాస్టారి దగ్గరికి పోయేవాళ్ళు. మరుసటి ఏడాదే మిలన్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు.

చివరగా గాలెన్ గురించి. మీ వ్యాసంలో ఆయన బొమ్మ వేశారు, కింద "రోమ్ మహా వైద్యుడు" అని రాశారు. ఆయన పెర్గమాన్‌లో క్రీ.శ. 129 లో పుట్టాడు, 162 లో రోమ్‌కి వచ్చాడు, జంతువులని కోసి శరీరం ఎలా పనిచేస్తుందో జనం ముందు చూపించి పేరు తెచ్చుకున్నాడు, అక్కడి వైద్యులతో గొడవలు పడి 166 లో సొంతూరికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళకే చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ నుంచి పిలుపు, కాదనలేని పిలుపు. తిరిగొచ్చి జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపాడు. 192 లో రోమ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి పవిత్ర వీధి పక్క గిడ్డంగిలో దాచుకున్న ఆయన పుస్తకాలూ మందులూ పనిముట్లూ కాలిపోయాయి. ఆ దుఃఖం గురించి ఆయన రాసిన ఉత్తరం వందల ఏళ్ళు కనపడకుండా పోయి 2005 లో థెస్సలోనికిలోని ఒక మఠంలో దొరికింది. అందులో ఒక సంగతి ఉంది, పెర్గమాన్‌లో మిత్రులు మీ పుస్తకాలన్నీ పంపండి, మన ఊరి లైబ్రరీలో పెట్టుకుంటాం అని అడిగారట, కాపీలు కూడా రాయించి సిద్ధం చేశాడు, ఎండాకాలం మొదట్లో పంపుదామనుకున్నాడు, మంటలు చలికాలం చివర్లోనే వచ్చేశాయి. రోమ్ మహా వైద్యుడు అని రాసినప్పుడు ఆ ఎదురుచూసిన ఊరి పేరు కూడా రాయాలి కదండీ.

నా విన్నపం ఇంతే. ఈ విషయం మీద మళ్ళీ వ్యాసం వేసినప్పుడు రోమ్ బొమ్మ ఒక్కటే కాకుండా ఒక మ్యాపు వేయండి. అమీసస్, టార్సస్, పెర్గమాన్, టరెంటం, డెమాస్కస్, అలెగ్జాండ్రియా గుర్తుపెట్టి ఎవరు ఎక్కడి నుంచి ఏ ఏడాది వచ్చారో, వచ్చింది బందీగానా జీతానికా చదువుకా, తిరిగి వెళ్ళారా లేదా అన్నది పక్కనే రాయండి. సగం పేజీ చాలు. పేర్లూ సంవత్సరాలూ కావాలంటే నా నోట్సు పంపడానికి సిద్ధంగా ఉన్నాను, చేతిరాతలో ఉన్నాయి, ఫోటో తీసి పంపుతాను. వీలైతే ఈ లోపు వచ్చే ఆదివారం ఆ ఒక్క వాక్యానికి సవరణ వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, చరిత్ర మాస్టారు